పైచదువుకు జీతమిస్తారు, తెలుసా?

"ఎమ్మే ఎకనామిక్స్ అయిందిగా, ఇంక చాలు. పైన చదివించాలంటే డబ్బెక్కణ్ణుంచి తేవాలి?" మన ఇళ్ళలో ఆడపిల్లల చదువు చాలాసార్లు ఈ మాటతోనే ఆగిపోతుంది. పాల లెక్క, పచారీ లెక్క పైసలతో సహా చూసుకునే మనం ఈ లెక్క కూడా ఒకసారి వేసి చూద్దాం.

యు.జి.సి. నెట్ అని ఒక పరీక్ష ఉంది. మామూలుగా ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబరు పేర్లతో జరుగుతుంది. ఎమ్మేలో 55 శాతం మార్కులుండాలి. బి.సి., ఎస్.సి., ఎస్.టి. పిల్లలకు 50 చాలు. ఆఖరి సంవత్సరం చదువుతున్నవాళ్ళూ రాయొచ్చు. 150 ప్రశ్నలు, 300 మార్కులు. తప్పు రాస్తే మార్కులు కొయ్యరు.

ఇందులో పై ర్యాంకుల వాళ్ళకి జె.ఆర్.ఎఫ్. ఇస్తారు. పి.హెచ్.డి.లో చేరాక మొదటి రెండేళ్ళు నెలకి 37,000 రూపాయలు, ఆ తర్వాత పని బాగుందనుకుంటే 42,000. 2023 జనవరి నుంచి పెంచిన రేట్లివి. హాస్టల్ దొరకనివాళ్ళకి ఇంటద్దె భత్యం అదనం. అంటే మొదటి ఏడాదే 4,44,000 రూపాయలు! కాకపోతే ఈ డబ్బు ఒక్కోసారి ఆలస్యంగా వస్తుంది. మొదటి నాలుగైదు నెలలకి సరిపడా చేతిలో ఉంచుకుని పంపండి.

"పెళ్ళయిపోయింది, ఇంకేం చదువు?" అంటారా? జె.ఆర్.ఎఫ్.కి వయసు 30 దాటకూడదు గానీ, ఆడవాళ్ళకి అయిదేళ్ళ సడలింపు ఉంది. లెక్చరర్ అర్హతకైతే వయసుతో పనే లేదు. 2022 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం పి.హెచ్.డి. మధ్యలో 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు తీసుకోవచ్చు. చదువు ముగించడానికి ఆడవాళ్ళకి మరో రెండేళ్ళు గడువూ ఇవ్వొచ్చు. కూతురికే కాదు, కోడలికీ ఈ సంగతి చెప్పండి.

పరిశోధన మీద ఆసక్తి లేదు, ఉద్యోగమే కావాలంటే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ ఉంది. యు.పి.ఎస్.సి. పెట్టే పరీక్ష. వయసు 21 నుంచి 30 లోపు. రాతపరీక్ష 1000 మార్కులు, ఇంటర్వ్యూ 200. ఆడపిల్లలకి ఫీజు లేదు. రిజర్వు బ్యాంకు కూడా తన ఆర్థిక పరిశోధన విభాగంలోకి ఎకనామిక్స్ ఎమ్మేలను ఆఫీసర్లుగా తీసుకుంటుంది.

ఇక అమెరికా మాట. అక్కడ ఎమ్మెస్‌కి ఎక్కువమంది సొంత డబ్బో, బ్యాంకు అప్పో పెట్టుకోవాల్సిందే. పి.హెచ్.డి. అలా కాదు. పేరున్న చాలా యూనివర్సిటీలు ఫీజు మాఫీ చేసి, కింది తరగతులకి పాఠం చెప్పినందుకో, ప్రొఫెసరు దగ్గర పరిశోధనలో సాయం చేసినందుకో నెలనెలా డబ్బిస్తాయి. సీటు వచ్చిందనగానే సంబరపడిపోక, ఫీజు మాఫీ ఉందా, స్టైపెండ్ ఎన్నేళ్ళు ఇస్తారు, ఆరోగ్య బీమా ఎవరు కడతారు అని అమ్మాయిచేత కాగితం మీద రాయించుకోండి. చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పని చెయ్యకూడదు. బయట దుకాణాల్లో చాటుగా పనిచేస్తే వీసాకే ఎసరు. ఆ సంపాదన నమ్ముకుని అప్పు చెయ్యకండి.

గ్యాస్ బుక్ చేసిన తేదీ రాసుకునే క్యాలెండర్ మీదే నెట్ దరఖాస్తుకి చివరి తేదీ కూడా రాసి పెట్టండి. వంటింట్లోకి వచ్చిన ప్రతిసారీ అమ్మాయి కంటపడుతుంది.