హక్కుని బఖ్షీష్‌గా మార్చేశారు

"మావాడు కేటీ కోసం అమెరికా వెళ్తున్నాడు భాయ్" అని ఎవరైనా అబ్బాజాన్ చెబితే మనం ముబారక్ చెప్తాం, దువా చేస్తాం. కేటీ అంటే ఏమిటని మాత్రం అడగం. అడగాలి.

కేటీ అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. అసలు అర్థం పని అప్పగింత. కంపెనీలోకి ఎవరు వచ్చినా పని నేర్పించాల్సిందే, అందులో తప్పేమీ లేదు. నేను మాట్లాడేది ఇంకో రకం కేటీ గురించి. ఇందులో నౌకరీ పోయేవాడే తన కుర్చీలోకి వచ్చేవాడికి పనంతా నేర్పాలి. ఆఖరి రోజు దాకా ఉండి నేర్పితేనే చేతిలో సొమ్ము పడుతుంది. మధ్యలో వెళ్లిపోతే ఆ సొమ్ము ఉండదు. కంపెనీ దీన్ని బోనస్ అంటుంది. నేను జులుం అంటాను.

ఇది పుకారు కాదు. 2014 అక్టోబర్‌లో అమెరికాలోని ఒర్లాండోలో డిస్నీ సంస్థ దాదాపు 250 మంది కంప్యూటర్ ఉద్యోగులకు ఉద్వాసన కబురు చెప్పింది. 90 రోజులు ఉండి కొత్తవాళ్లకు పని నేర్పితే బోనస్ అంది. ఆ కొత్తవాళ్లలో చాలామంది మన దేశపు ఔట్‌సోర్సింగ్ కంపెనీల తరఫున వచ్చినవాళ్లు. అదే రోజుల్లో సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ అనే కరెంటు కంపెనీలో వందల నౌకరీలు పోయాయి. ఆ పని టీసీఎస్, ఇన్ఫోసిస్‌లకు వెళ్లింది. డిస్నీలో పని పోగొట్టుకున్న లియో పెరెరో 2016లో అమెరికా సెనేట్ కమిటీ ముందు కూర్చుని, తన స్థానంలోకి వచ్చినవాడికి తానే పని నేర్పిన సంగతి చెబుతూ కన్నీళ్లు పెట్టుకున్నాడు.

నేను ఉర్దూ మీడియం బడిలో చదివినవాణ్ణి. అక్కడ మొదట నేర్పింది అలిఫ్ బే కాదు, ఉస్తాద్ ముందు ఎలా నిలబడాలో. మాచర్లలో ఏ మెకానిక్ షెడ్డుకైనా వెళ్లి చూడండి. షాగిర్ద్ మొదట పానాలు అందిస్తాడు, సామాను కడుగుతాడు. ఏళ్లు గడిచాక హునర్ చేతికొస్తుంది. తర్వాత ఊళ్లో ఇంకో మూల సొంత షెడ్డు పెట్టుకుంటాడు. అయినా ఉస్తాద్ షెడ్డు మూతపడదు, ఉస్తాద్ ఉస్తాద్‌గానే ఉంటాడు. ఈ కేటీలో మాత్రం నేర్పడం పూర్తయిన రోజే ఉస్తాద్ మెడలో ఐడీ కార్డు లాక్కుంటారు. మన తహజీబ్‌లో ఇంతకంటే పెద్ద బేఅదబీ ఉందా?

"డబ్బులిస్తున్నారు కదా, ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చు" అంటారు కొందరు. ఇంటి కిస్తీ నెత్తిమీద, పిల్లల ఫీజులు గుమ్మంలో ఉన్నవాడు పెట్టే సంతకాన్ని రజామందీ అనకండి, మజ్బూరీ అనండి. ఇక్కడ రెండు హిసాబులున్నాయి. ఇన్నేళ్లు చేసిన ఖిద్మత్‌కి, పోయిన నౌకరీకి ఇవ్వాల్సింది ఒకటి. కొత్తవాడికి నేర్పినందుకు ఇవ్వాల్సింది ఇంకొకటి. మొదటిది హక్కు. దాన్ని రెండోదానికి ముడిపెట్టగానే హక్కు కాస్తా బఖ్షీష్ అయిపోతుంది. పైగా చాలా ఒప్పందాల్లో కంపెనీ గురించి చెడుగా మాట్లాడకూడదన్న షరతు కూడా ఉంటుంది. అంటే ఖామోషీకి కూడా కీమత్ కట్టారు. చెమట ఆరకముందే మజ్దూరీ ఇవ్వమన్న దీన్ మనది. మజ్దూరీకి నోరు మూసుకోమనే షరతు పెట్టమని ఎక్కడా లేదు.

"నష్టపోయింది అమెరికావాళ్లు, బాగుపడింది మన పిల్లలే కదా" అనేవాళ్లూ ఉన్నారు. 2007లో బీసీ-ఇ రిజర్వేషన్ వచ్చాక మన పల్నాడు ఇళ్లల్లోంచి కూడా ఇంజినీర్లు బయల్దేరారు. ఆ రిజ్క్‌ని నేను తక్కువ చేయను. కానీ ఈ వరస అమెరికాలో ఆగలేదు. మా మొహల్లా కుర్రాడొకడు హైదరాబాద్‌లో పదకొండేళ్లు పనిచేశాడు. రెండు నెలలు కూర్చుని తనకంటే సగం జీతానికి వచ్చిన పిల్లాడికి అంతా నేర్పాడు. ఆ తర్వాత రాజీనామా మెయిల్ పెట్టమన్నారు, పెట్టాడు. నిన్నటి షాగిర్దే ఈరోజు కుర్చీ దిగుతున్న ఉస్తాద్. రేపు ఆ కొత్త పిల్లాడు మెషిన్‌కి నేర్పి లేస్తాడు.

ఆ రాజీనామా మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం, ఏడాది పైగా పనిచేసిన కార్మికుణ్ణి తీసేయాలంటే నెల నోటీసు లేదా ఆ నెల జీతం ఇవ్వాలి, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం ఇవ్వాలి. చివర చేరినవాణ్ణి ముందు తీయాలన్నది మామూలు నియమం. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ సూత్రాలు ఉన్నాయి. కానీ రాజీనామా చేసినవాణ్ణి ఎవరూ తీసేయలేదని లెక్క. అందుకే ఆ మెయిల్ కోసం అంత తొందర. మేనేజర్ అని పేరు తగిలించడం ఇంకో దారి, మేనేజర్లకు ఈ రక్షణ లేదు.

మాలిక్ మాత్రం ఎక్కడా కనబడడు. కుర్చీ పోయినవాడి కోపం కుర్చీలో కూర్చున్నవాడి మీదికి పోతుంది. 2025 సెప్టెంబర్‌లో ట్రంప్ కొత్త హెచ్-1బి అర్జీలకు 1,00,000 డాలర్ల రుసుం ప్రకటించినప్పుడు ఆ దెబ్బ ఎవరి కలల మీద పడిందో మన ఇళ్లకు తెలుసు. ఇద్దరు నౌకర్లు కొట్లాడుకుంటుంటే మిగిలిన జీతం మాత్రం మాలిక్ జేబులోకి వెళ్తుంది.

అందుకే నా బిరాదరీకి ఒక గుజారిష్. కొడుకైనా కూతురైనా ఫోన్ చేసి "కేటీ ఇమ్మంటున్నారు" అంటే ముబారక్ చెప్పకండి, "రాజీనామా రాయకు బేటా, ముందు వకీల్‌కి కాగితం చూపించు" అనండి. "కేటీ తీసుకుంటున్నాను" అంటే "నేర్పేవాడు ఎక్కడికి పోతున్నాడు?" అని అడగండి. జవాబు రాకపోతే ఆ కుర్చీ మీద మీ పిల్లలకూ ఎన్నాళ్లు రాసుందో లెక్కేసుకోండి.