ఎలక్ట్రాలిసిస్ పెన్ కొంటున్నారా? పవర్ లెవెల్స్ కాదు, ముందు ప్రోబ్ సైజు చూడండి

ఛార్జర్ కొనేటప్పుడు వాట్స్ చూస్తాం. టెంపర్డ్ గ్లాస్ కొనేటప్పుడు మోడల్ నంబర్ చూస్తాం. ఎలక్ట్రాలిసిస్ పెన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ధర, స్టార్ రేటింగ్ చూసి ఆర్డర్ పెట్టేస్తాం. మొన్న నాగర్‌కర్నూల్‌లో ఉండే మా చెల్లె "అన్నా, గడ్డం మీది వెంట్రుకలకు ఇది పనిచేస్తదా?" అని ఒక లింక్ పంపింది. స్పెక్స్ అన్నీ చదివాను. పవర్ లెవెల్స్ గురించి బోలెడు రాశారు, సూది మందం ఎంతో ఒక్కచోట కూడా లేదు. నా దృష్టిలో రివ్యూ అక్కడే అయిపోయింది.

1875లో అమెరికాలో కంటి డాక్టర్ చార్లెస్ మిషెల్ కంట్లో గుచ్చుకునే రెప్ప వెంట్రుకల కోసం మొదలుపెట్టిన పద్ధతి ఇది. సన్నటి ప్రోబ్ వెంట్రుక కుదురులోకి దిగుతుంది, కరెంట్ వేరును చంపుతుంది. లేజర్‌లా దీనికి వెంట్రుక రంగుతో పని లేదు, తెల్లవెంట్రుక కూడా పోతుంది.

సైజులు సాధారణంగా 2 నుంచి 6 వరకు ఉంటాయి. 2 అంటే అంగుళంలో వెయ్యో వంతులు రెండు, సుమారు 0.05 మి.మీ. 6 అంటే సుమారు 0.15 మి.మీ. గద్వాల నేతన్నలకు నూలు కౌంట్ పెరిగితే దారం సన్నం అని తెలుసు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది, నంబర్ పెరిగితే ప్రోబ్ లావు.

సన్నదైతే నొప్పి తక్కువ అనుకుంటాం కదా? అదే పొరపాటు. మొద్దు వెంట్రుకకు మరీ సన్న ప్రోబ్ పెడితే కరెంట్ అంతా చిన్న చోట పోగవుతుంది, మంట ఎక్కువవుతుంది. లావుదైతే లోపలికి దిగదు, తోస్తే చర్మం గాయపడుతుంది. వెంట్రుక మందానికి దగ్గరగా ఉండి, తోయకుండా జారే సైజే సరైనది. పైపెదవి నూగుకు 2 లేదా 3, గడ్డం మీది మొద్దు వెంట్రుకకు 4 లేదా 5తో మొదలుపెట్టడం మామూలు.

మన చామనఛాయ ఒంటి మీద కాలిన మచ్చ నెలల తరబడి పోదు. అందుకే చెల్లెకు పెన్ వద్దన్నాను. వనపర్తిలో అయినా హైదరాబాద్‌లో అయినా శిక్షణ ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లమన్నాను. రెండే ప్రశ్నలు అడగమన్నాను: నా వెంట్రుకకు ఏ సైజు వాడుతున్నారు? సీల్ నా ముందే విప్పుతారా? రెండింటికీ సూటిగా జవాబు రాకపోతే, లేచి వచ్చేయడమే.