ముందు మా వేళ్ళ మీద పెట్టి చూడండి



మిల్లులో మిక్సింగు మారిస్తే ఏం చేస్తాం? ఒక్క రింగ్ ఫ్రేము మీద నడిపి, పోగులు ఎన్ని తెగుతున్నాయో చూసి, ఆ తర్వాతే మిగతా ఫ్రేములకు ఇస్తాం. దూది మీద ఉన్నపాటి జాగ్రత్త కార్మికుడి పెన్షన్ మీద ఢిల్లీ పెద్దలకు లేకపోయింది.

2014 నవంబరు 10న కేంద్ర ప్రభుత్వం ‘జీవన్ ప్రమాణ్’ ప్రారంభించింది. బతికున్నామని ఏటా కాగితం పట్టుకుని తిరగక్కర్లేదు, యంత్రం మీద వేలు పెడితే చాలన్నారు. ఆలోచన మంచిదే. కాని ఎవరి వేలు? ముప్పై ఏళ్ళు తెగిన పోగులు అతికి, ముడులు వేసినవాడి వేలికి గీతలు మిగులుతాయా? తిరువళ్ళూరులోనో తిరుత్తణిలోనో ఒక్కపూట కూర్చుని, రిటైరైన పదిమంది చేత వేలు పెట్టించి ఉంటే ఆనాడే తెలిసేది. వేలికి బదులు ముఖం చూపించే పద్ధతి 2021 నవంబరుకు గాని రాలేదు. ఏడేళ్ళు! ముందుగా పరీక్షిస్తే ఆలస్యమవుతుందనే అధికారులు ఈ ఏడేళ్ళను ఏమంటారు? కనీస పెన్షన్ 2014 సెప్టెంబరు నుంచి వెయ్యి రూపాయలే. ఆ వెయ్యికి కూడా యంత్రం ‘నువ్వు నువ్వు కాదు’ అంటే ముసలివాడు ఎవరితో చెప్పుకోవాలి?

పేర్ల గొడవా ఇంతే. ఆధార్ కలపనిదే పి.ఎఫ్. చందా కట్టడానికి వీల్లేదని 2021 జూన్ 1 గడువు పెట్టారు. తర్వాత తామే సెప్టెంబరు 1కి జరిపారు. మన ఇళ్ళలో ఇంటిపేరు ముందు పెడతాం. ఇక్కడి బడిలో, మస్టరులో తండ్రి పేరు పొడి అక్షరం వేస్తారు. మనిషి ఒకడే, పేర్లు రెండు. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే కదా, ఇది తెలుసుకోవడానికి పరిశోధన కావాలా?

2023 జనవరి నుంచి ‘నిధి ఆప్కే నికట్’ అని జిల్లాల్లో శిబిరాలు పెడుతున్నారు. (నిధి మీ దగ్గరికే అని అర్థమట. ఆ పేరైనా మనకు తెలిసే భాషలో పెట్టలేదు.) దెబ్బ తగిలాక ఫిర్యాదు వినడానికి వస్తున్నారు. మా డిమాండు ఒక్కటే: ఏ కొత్త ఏర్పాటునైనా అమలుకు ముందే ఆ శిబిరానికి తెండి. మీ గుమాస్తా కాదు, మా మనిషి నొక్కాలి. పక్కన నిలబడి చెప్పవద్దు, ఎక్కడ ఆగిపోయాడో రాసుకోండి. వారిలో వైండింగులో పనిచేసే ఆడకూతురు, మూతబడ్డ మిల్లు పెన్షనుదారు, తెలుగు తప్ప చదవడం రానివాడు తప్పక ఉండాలి. వాళ్ళ చేతుల్లో పనిచేసేదాకా కాగితం పద్ధతి ఆపరాదు.

వేలు పడనివారు, పేరు కలవనివారు వివరాలు రాసి వచ్చే శిబిరంలోగా యూనియన్ ఆఫీసులో ఇవ్వండి. రాయడం రాకపోతే వచ్చి చెప్పండి, మేం రాసుకుంటాం.

— కార్యదర్శి