పోటీలు వారివి, పిల్లలు మనవారు

పెద్ద కంపెనీలు విద్యార్థులకు అంతర్జాతీయ స్థాయిలో సాంకేతిక పోటీలు పెట్టడం హర్షించదగిన విషయమే. మైక్రోసాఫ్ట్ కంపెనీ 2003లో ప్రారంభించిన ఇమేజిన్ కప్ తుది పోటీలు 2006లో మన దేశంలోనే జరిగాయి. 2012లో సిడ్నీలో ఉక్రెయిన్ విద్యార్థుల బృందం మొదటి బహుమతి గెలుచుకున్నది. వినలేని, మాట్లాడలేని వారి చేతి సైగలను గుర్తించి మాటలుగా పలికించే చేతి తొడుగులను వారు తయారు చేశారు. ఇటువంటి ఆలోచనలు మన జిల్లా పిల్లలకు రావని ఎవరనగలరు?

అయితే ఈ పోటీల ఆయుష్షు కంపెనీల చిత్తం మీద ఆధారపడి ఉన్నదన్న సంగతి విస్మరించరాదు. అమెరికాలో ఏటా జరిగే అంతర్జాతీయ సైన్సు, ఇంజనీరింగ్ ప్రదర్శనకు 1997 నుంచి 2019 వరకు ఇంటెల్ ప్రధాన దాత. అది తప్పుకోగా 2020 నుంచి రీజనరాన్ అనే మందుల కంపెనీ ముందుకు వచ్చింది. నిర్వహణ ఒక స్వచ్ఛంద సంస్థ చేతిలో ఉన్నది గనుక దాత మారినా ప్రదర్శన నిలిచింది. కంపెనీయే సొంతంగా నడిపే పోటీలకు ఆ భరోసా లేదు. 2003లో మొదలైన గూగుల్ కోడ్ జామ్ 2023లో మూతపడింది. దానితోపాటే కిక్ స్టార్ట్ కూడా. ఉద్యోగానికి అదే నిచ్చెన అనుకొని రాత్రింబవళ్లు సాధన చేసిన విద్యార్థులు మన ఇంజనీరింగ్ కాలేజీల్లోనూ ఉన్నారు. అందుకు కంపెనీని నిందించి లాభం లేదు. ఖర్చు వారిది, ఇష్టం వారిది.

లోపం మన ఏర్పాట్లలో ఉన్నది. ఇన్‌స్పైర్-మానక్ పథకం కింద ఎంపికైన పాఠశాల విద్యార్థికి నమూనా తయారీ కోసం కేంద్రం 10,000 రూపాయలు ఇస్తున్నది. జిల్లా ప్రదర్శన ముగిసిన మరునాడు ఆ నమూనాలు ఏమవుతున్నాయి? పై స్థాయికి ఎంపిక కానివి చాలావరకు బడి బీరువా మీదికి చేరుతున్నాయి. (ప్రారంభోత్సవం ఫోటోలు మాత్రం భద్రంగానే ఉంటాయి.) పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు ఉన్నది, యంత్రాలున్నాయి, నేర్పగల అధ్యాపకులున్నారు. సెలవు దినాల్లో వాటిని ఈ పిల్లలకు తెరిపించడానికి పెద్దగా నిధులు అక్కరలేదు, కలెక్టరుగారి ఉత్తరువు చాలు. ఇంగ్లీషులో దరఖాస్తు నింపలేక వెనకడుగు వేసే పిల్లలకు తోడ్పడేందుకు మండలానికొక ఉపాధ్యాయుని నియమించాలి. వచ్చే జిల్లా ప్రదర్శన తేదీ ప్రకటించే లోపే విద్యాశాఖాధికారి ఈ రెండు పనులకూ పూనుకోవలసి ఉన్నది.