వేగము దేనికొఱకు?

పరీక్షయందు అందఱికంటె ముందుగా కాగితము నిచ్చి వెడలిపోవు విద్యార్థి మిక్కిలి తెలివిగలవాడని తోడివారు తలంతురు. నే నట్లు తలంపను. మిగిలిన కాలమున తన తప్పులను దిద్దుకొనువాడే తెలివిగలవాడు. ఈ మాట యంత్రములకును చెల్లును.

సి.టి. స్కాను అను పరీక్షను తలిదండ్రులలో పలువు రెఱుగుదురు. ఆ యంత్రము ఫొటోగ్రాఫువలె ఒక్కమారుగా చిత్రమును తీయదు. ఎక్సు కిరణములను పలు దిక్కులనుండి దేహముగుండ పంపి, అవి యెంత క్షీణించెనో కొలుచును. ఆ కొలతలనుండి లోపలి చిత్రమును కంప్యూటరు గణితముచే కూర్చవలెను. ఇంజనీరు హౌన్స్‌ఫీల్డు నిర్మించిన యంత్రముతో 1971 అక్టోబరు 1వ తేదీన లండను నగరమున మొదటి రోగిని పరీక్షించిరి. అది 180 దిక్కులనుండి, దిక్కునకు 160 చొప్పున, 28,800 కొలతలు గైకొని 6,400 గళ్ల చిత్రమును కూర్చెను.

ఆ మొదటి పద్ధతి యెట్టిదనగా, చిత్రము నూహించుట, కొలతలతో సరిపోల్చుట, తప్పు దిద్ది మరల సరిపోల్చుట. దీనికి కాలము మిక్కిలి పట్టుటచే పిమ్మటివారు దానిని విడిచి శీఘ్రమైన వేఱొక పద్ధతి నవలంబించిరి.

ఇప్పుడు మన తరగతిని చూడుడు. నలుబదిమందికి నలుబది లెక్కలు పంచినచో ఒకరి జవాబుకై మరియొకరు వేచియుండ నక్కఱలేదు. చిత్రములోని గళ్లు నట్టివే. ఒక దిద్దుబాటు ముగిసినగాని రెండవది మొదలు కాదు. అయినను ఒక్కొక్క దిద్దుబాటులోని పనిని వేలకొలది చిన్న గణకములు ఏకకాలమున పంచుకొనగలవు. ఇదియే సమాంతర గణనము. వీడియో ఆటల బొమ్మలకై పుట్టిన గ్రాఫిక్సు ప్రాసెసర్లు నేడీ పనికి తోడ్పడుచున్నవి. విడిచిన దిద్దుబాటు పద్ధతి మరల వైద్యశాలలకు వచ్చినది.

దీని ఫలము కేవలము త్వరితము కాదు. తక్కువ కిరణములతో గైకొన్న మసక కొలతలనుండియు తేటయైన చిత్రమును కూర్చవచ్చును. కిరణములవలని కీడు పెద్దలకంటె పిల్లలకు హెచ్చు గనుక, ఈ వేగము పసిబిడ్డయెడల దయగా మాఱుచున్నది.

అయితే ఒక హెచ్చరిక. పరీక్ష సులభమైనదని అక్కఱలేనివారికిని మాటిమాటికి చేయించినచో, తగ్గించిన కిరణములను మరల కూడబెట్టినట్లే యగును. అప్పుడు వేగము దయకు సేవ చేయక తొందరపాటునకే సేవ చేయును.

కావున విద్యార్థులారా, త్వరగా లెక్కించుట నేర్చుకొనుడు. మిగిలిన కాలమును మాత్రము దిద్దుకొనుటకే వినియోగింపుడు.