ముందు బండి వెళ్లింది కదా!

వాగు పొంగి రోడ్డెక్కిన రోజున ఒడ్డున ఆగిన కార్లలో వినబడే మాట ఒకటే: "ముందు బండి వెళ్లింది కదా, మనదీ వెళ్తుంది." ఈ ధీమా ఎంత ఉత్తదో చెప్పడానికి పెద్ద చదువేం అక్కర్లేదు, బడిలో చదివిన ఆర్కిమెడిస్ సూత్రం చాలు. కానీ నేను చెప్పాలనుకున్నది అక్కడితో అయిపోదు. కారు నీళ్లలోకి దింపాలా వద్దా అన్న నిర్ణయం చాలాసార్లు వాగు దగ్గర జరగదు. అంతకుముందే, అవతల ఎదురుచూసేవాళ్ల వల్ల జరిగిపోతుంది.

ముందు లెక్క చూద్దాం. చిన్న కారు అడుగుభాగం రమారమి 6 చదరపు మీటర్లు. నీళ్లు ఆ అడుగును తాకాక ఒక్కో సెంటీమీటరు పెరిగినప్పుడల్లా కారు సుమారు 60 లీటర్ల నీటిని పక్కకు తోస్తుంది. అంటే 60 కిలోల బరువు తేలికవుతుంది. కారు 900 కిలోలు, లోపలి మనుషులు 250 కిలోలు అనుకుందాం. 19 సెంటీమీటర్లకే ఆ బరువంతా నీళ్ల మీదకి వచ్చేస్తుంది. దీనికి గ్రౌండ్ క్లియరెన్స్ 17 సెంటీమీటర్లు కలపండి. మొత్తం 36. పెద్దవాళ్ల మోకాలి కంటే తక్కువ లోతు! ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా అమెరికా జాతీయ వాతావరణ సేవ చెప్పేది దీనికి దగ్గరగానే ఉంటుంది: పారే నీరు ఒక అడుగు లోతుంటే చాలా కార్లను, రెండడుగులుంటే ఎస్‌యూవీలను కూడా లాక్కుపోగలదు.

పూర్తిగా తేలేదాకా ప్రమాదం ఆగదు కూడా. టైరుకీ రోడ్డుకీ మధ్య ఘర్షణ ఉండేది బండి రోడ్డును నొక్కుతున్నంతసేపే. ఆ నొక్కుడు తగ్గేకొద్దీ స్టీరింగు, బ్రేకు రెండూ పేరుకే మిగులుతాయి. ఇంకోవైపు ప్రవాహం పక్కనుంచి నెడుతుంటుంది. నీటి వేగం రెట్టింపైతే ఆ నెట్టుడు నాలుగింతలవుతుంది. మధ్యలో ఎయిర్ ఇన్‌టేక్‌లోకి నీళ్లు వెళ్తే ఇంజన్ కూడా ఆగిపోతుంది. ఇక డ్రైవర్‌కి ఇరవై ఏళ్ల అనుభవం ఉంటే ఏంటి, నిన్న లైసెన్స్ వస్తే ఏంటి?

తమాషా ఏంటంటే, డోర్ల రబ్బర్లు బిగుతుగా ఉన్న కొత్త కారు ఇంకా బాగా తేలుతుంది, నీళ్లు లోపలికి త్వరగా రావు కాబట్టి. పెద్ద చక్రాల ట్రాక్టర్‌కి మూసిన బాడీ ఉండదు, నీళ్లు దాని కిందనుంచీ మధ్యనుంచీ పోతాయి. అందుకే ముందు వెళ్లిన బండి ట్రాక్టరో లారీయో అయితే అది మన కారు గురించి ఏమీ చెప్పదు. కారే అయినా అది దాటింది పది నిమిషాల క్రితం నీళ్లని, ఇప్పటి నీళ్లని కాదు.

మా చాట్రాయి వైపు ఇంకో చిక్కుంది, అలవాటు. ఏప్రిల్, మే నెలల్లో మామిడికాయల లోడు ట్రాక్టర్లు ఎండిన వాగుల మీదుగా నూజివీడు దారి పడతాయి. అప్పుడు తమ్మిలేరులో కనిపించేదంతా ఇసుకే. వేసవంతా తిరిగిన చప్టా కాబట్టి ప్రతి గుంటా తెలుసనుకుంటాం. కానీ తమ్మిలేరుకి నీళ్లు వచ్చేది ఎగువన ఖమ్మం వైపు నుంచి. ఇక్కడ చినుకు లేకపోయినా అక్కడ కురిసిన వాన ఇక్కడ వాగై దిగుతుంది. ఎర్రనీళ్ల కింద చప్టా ఉందో, సగం కొట్టుకుపోయిందో ఒడ్డునుంచి ఎవరికీ కనబడదు.

2024 వరదలు గుర్తున్నాయి కదా. బుడమేరు విజయవాడను ముంచిన ఆ రోజుల్లోనే రెండు కార్లు పోయాయి. ఆగస్టు 31న గుంటూరు జిల్లా పెదకాకాని మండలం ఉప్పలపాడు దగ్గర, వానకి బడి వదిలేస్తే ఇద్దరు పిల్లల్ని ఇళ్లకు చేర్చడానికి బయల్దేరిన టీచర్ కారు వాగులో కొట్టుకుపోయింది. ముగ్గురూ చనిపోయారు. మర్నాడు సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వాగు ఒక యువ వ్యవసాయ శాస్త్రవేత్తనీ ఆమె తండ్రినీ తీసుకుపోయింది. వాళ్లు వెళ్తున్నది హైదరాబాద్‌లో విమానం అందుకోవడానికి.

వీళ్లెవరూ సరదాకి నీళ్లలోకి దిగలేదు. పిల్లల్ని ఇల్లు చేర్చాలి, ఫ్లైట్ దాటిపోకూడదు, అంతే. వార్త చదివి "అంత తొందరేంటి" అనడం తేలిక. ఆ తొందర ఎవరు పెట్టారు అన్నదే నా ప్రశ్న. పెళ్లి ముహూర్తానికి అందుకోవాలనే చుట్టాలు, సెలవివ్వని ఆఫీసు, వాన ముదిరి పిల్లలు బడికొచ్చేశాక తీసుకునే సెలవు నిర్ణయం, ఇంటర్నల్ పరీక్ష వాయిదా వేయని కాలేజీ, "ఎక్కడిదాకా వచ్చావ్?" అని పావుగంటకోసారి ఫోన్ చేసే మనం. ఒడ్డున ఉన్నవాడికి నీళ్లకంటే ఈ ఫోనే ఎక్కువ భయం.

కాబట్టి మార్పు ఇక్కడే మొదలవ్వాలి. రెడ్ అలర్ట్ ఉన్న రోజు అటెండెన్స్ పోదని, పరీక్ష మళ్లీ పెడతామని కాలేజీలు ముందురోజు సాయంత్రమే చెప్పాలి. ఇంటికి బయల్దేరిన ఫ్రెండ్‌కి మనం పంపాల్సిన మెసేజ్ "జాగ్రత్తగా రా" కాదు, "రాకపోయినా పర్లేదు, ఎక్కడున్నావో అక్కడే ఉండు."

"వాగు దాటితే తప్ప ఆసుపత్రి లేని ఊళ్ల సంగతేంటి?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. పురిటినొప్పులు వాగు తగ్గేదాకా ఆగవు. అలాంటి చోట జాగ్రత్తలు చెప్పి ఊరుకోవడం మోసం, అక్కడ కావాల్సింది ఎత్తైన వంతెన. అది వచ్చేలోపు ప్రతి చప్టాకీ రెండువైపులా లోతు కొలిచే రంగుగీతల స్తంభం, నీళ్లెక్కగానే దారి మూసే గొలుసు పెట్టడం పంచాయతీకి మోయలేని ఖర్చేం కాదు. ఆ గీతలు ఎక్కడ గీయాలో లెక్కగట్టి ఇవ్వడం మన సివిల్ వాళ్లకి మంచి మినీ ప్రాజెక్టు.

అయినా ఎప్పుడైనా కారు నీళ్లలో ఇరుక్కుంటే ఇంజన్ మళ్లీ స్టార్ట్ చేస్తూ కూర్చోకండి. సీటుబెల్టు తీసి, కరెంటు ఉండగానే అద్దం దించి కిటికీలోంచి బయటపడండి. బయట నీళ్లు నొక్కుతుంటే తలుపు తెరుచుకోదు.

అంతదాకా రాకుండా చూసేది మాత్రం ఒడ్డున వెనక్కి తిరిగిన కారే. అలా తిరిగొచ్చినవాణ్ణి పిరికివాడని నవ్వకుండా, అన్నం పెట్టి కూర్చోబెట్టే ఇళ్లు మనవి కావాలి.