కళ్ళకద్దుకుంటే చాలదు



కాలికి కాగితం తగిలితే వెంటనే తీసి కళ్ళకద్దుకుంటాం. చదువుల తల్లి అని పెద్దలు నేర్పారు. మంచిదే. కానీ ఏడాది చివర సగం రాసిన నోటుబుక్కులను తూకానికి అమ్మేదీ మనమే. కాగితాన్ని గౌరవించటమంటే మొక్కటం ఒక్కటే కాదు, దాని వెనుక ఉన్న కష్టాన్ని తెలుసుకుని వృథా చేయకుండా వాడుకోవటం అని ఈ హాస్టల్ పూర్వ విద్యార్థులుగా మా అభిప్రాయం.

మన తెల్ల నోటుబుక్కు ఎలా పుడుతుంది? వెదురు, సుబాబుల్, జామాయిల్ కర్రలను చిన్న ముక్కలుగా కొట్టి, కాస్టిక్ సోడా వంటి రసాయనాలతో ఉడికిస్తారు. పీచును అంటిపెట్టుకుని ఉండే లిగ్నిన్ అనే పదార్థం కరిగిపోయి గుజ్జు మిగులుతుంది. దాన్ని కడిగి, తెల్లబరచి, నునుపు కోసం సుద్ద, సిరా పాకకుండా మరో మందు కలుపుతారు. కదిలే జల్లెడ మీద పలుచగా పరిచి, నీరు కారాక రోలర్ల మధ్య ఒత్తి ఆరబెడతారు.

అన్ని కాగితాలూ ఒకటి కావు. న్యూస్ పేపరుకు కర్రను నూరి తీసిన గుజ్జు, పాత కాగితాల గుజ్జు వాడతారు. నూరిన గుజ్జులో లిగ్నిన్ ఉండిపోతుంది కనుకనే ఎండ తగిలితే పేపరు పసుపు పచ్చబడుతుంది. మనం పుస్తకాలకు అట్టలు వేసుకునే బ్రౌన్ పేపరు తెల్లబరచనిది, గట్టిది. కొన్ని సిమెంటు బస్తాలకూ ఆ రకం వాడతారు. రూపాయి నోటు కాగితానికి మూలం కర్ర కాదు, పత్తి. మన ఏనుమాముల మార్కెట్‌కు బండ్లకొద్దీ వచ్చే పత్తి విలువ ఇక్కడ కూడా ఉంది.

ఈ పని ఎక్కడో పరాయి దేశంలో జరిగేది కాదు. నిజాం కాలంలో మొదలైన సిర్పూర్ మిల్లు వల్లనే కాగజ్‌నగర్‌కు ఆ పేరు వచ్చింది. భద్రాచలం దగ్గర సారపాకలో అట్ట కాగితం తయారవుతుంది. పాత వరంగల్ జిల్లాలోనే, ఇప్పటి ములుగు జిల్లా మంగపేట మండలం కమలాపురంలో, రేయాన్ దారానికి గుజ్జు తీసే మిల్లు నడిచింది. 2014లో అది ఆగిపోయి ఏళ్ళ తరబడి తెరుచుకోలేదు. అదే ఏడాది మూతబడిన సిర్పూర్ మిల్లు 2018లో మళ్ళీ మొదలైంది. మిల్లు ఆగితే కార్మికుని జీతమే కాదు, ఆ ఇంటి పిల్లల చదువు కూడా ఆగుతుంది. మనం పరీక్షలో నిరుద్యోగ సమస్యపై వ్యాసం రాసేటప్పుడు, ఆ కాగితం చేసిన చేతులు కూడా గుర్తుకు రావాలి.

మా తాతలకు కాగితమంటే పట్వారీ చూపిన చోట వేలిముద్ర వేయటం. అందులో ఏముందో వారికి తెలియదు. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి తరం మేము. కాగితం మనకు ఎంత ఆలస్యంగా అందిందో తెలిసినవాళ్ళం గనుకనే ఈ మాట చెబుతున్నాం.

పరీక్షలు కాగానే ప్రతి గదిలోని నోటుబుక్కుల ఖాళీ పేజీలు విప్పి, రఫ్ పుస్తకాలు కుడదాం. ఒకవైపే అచ్చయిన జిరాక్స్ కాగితాల వెనుక లెక్కలు చేద్దాం. చదివేసిన పేపర్లు అమ్మి, ఆ డబ్బుతో లైబ్రరీకి ఒక పుస్తకం కొందాం. జూన్‌లో కొత్తగా చేరే చిన్న తమ్ముళ్ళకు మనం కుట్టిన పుస్తకాలు ముందుగా ఇద్దాం.